గుజ్జు కాదు నాయనా, నేత

పోయిన శ్రావణమాసంలో, పెళ్లి చీరల పనితో మా వీధి మగ్గాలన్నీ హడావిడిగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి పదింటికి నాయన ఫోన్ చేశాడు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ చేయడు. ఏమయిందోనని భయపడుతూనే ఎత్తాను.

"ఏం లేదులేమ్మా. మోకాలు ప్రింటు తీస్తారంటనే? తమ్ముడు ఫోన్లో చూపిచ్చినాడు. నువ్వు చేసే పని అదే గదా?"

"ఒక రకంగా అదే నాయనా."

"అట్లయితే నాకూ రోంత చేసియ్యి. గుజ్జంతా అరిగిపోయిందంటాండాడు డాక్టరు."

నాకు వెంటనే మాట రాలేదు. నాయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. చదువుకుంటానంటే సరే అన్నాడు, బెంగళూరు పోతానంటే సరే అన్నాడు, పెళ్లి ఇప్పుడే వద్దంటే రెండు రోజులు మాట్లాడలేదు గానీ చివరికి దానికీ సరే అన్నాడు. ఇప్పుడు ఒక్కటి అడిగాడు. అదేమో నేను ఇవ్వలేనిది.

మాది ధర్మవరం. నాయన పద్నాలుగో ఏట గుంట మగ్గంలోకి కాళ్లు దించాడు. ఇప్పుడు ఆయనకు 61. నేను బడి నుంచి వచ్చి కండెలు చుట్టాకే ఆడుకోవడానికి పోయేదాన్ని. ఇప్పుడు బెంగళూరులో ఒక ప్రయోగశాలలో పీహెచ్‌డీ ఐదో ఏడు. పట్టుగూళ్లలోంచి తీసిన ప్రొటీనుతో, త్రీడీ ప్రింటర్ మీద, కీళ్లలోని మృదులాస్థికి ఆసరా కట్టడం నా పని. మృదులాస్థి అంటే కార్టిలేజ్. ఆసరా అంటే కణాలు పట్టుకుని నిలబడి, తమ కణజాలాన్ని తామే కట్టుకోవడానికి తాత్కాలికంగా వేసే చట్రం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు వేసే సారవ లాంటిది. పని అయ్యేకొద్దీ అది కరిగిపోవాలి.

ఆ రాత్రి నాయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాయాలనిపిస్తోంది. మా నాయన లాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరున్నారు కాబట్టి.

ముందు ఈ "గుజ్జు" అనే మాట సంగతి. మోకాలి నొప్పితో పోయిన ప్రతి తెలుగువాళ్లూ వినే మాట ఇది. డాక్టరు అంటాడు, మందుల షాపతను అంటాడు, బస్సులో పక్క సీటు పెద్దావిడా అంటుంది. చెప్పగానే అర్థమవుతుంది, నిజమే. కానీ దాంతోపాటే ఒక పొరపాటు కూడా మనసులో కూర్చుంటుంది. గుజ్జంటే మనకు చింతపండు గుజ్జు, మామిడి గుజ్జు. తగ్గితే ఇంకొంచెం పోసుకోవచ్చు. అలాంటప్పుడు సూదితో ఎక్కిస్తామని ఎవరైనా అంటే నమ్మబుద్ధవుతుంది.

నమ్మాడు కూడా. నాకు ఫోన్ చేయకముందే నాయన ఒక క్లినిక్‌కు పోయొచ్చాడని తర్వాత తెలిసింది. "మూలకణాల సూది వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుంది, ఒక్కో మోకాలికి లక్షా ఎనభై వేలు" అన్నారట. ఇంట్లో ఉన్న రెండు చీరల పట్టు అమ్మేద్దామా అని అమ్మతో మాట్లాడుకున్నారట. నాకు కన్నీళ్లొచ్చాయి, తర్వాత ఒళ్లు మండింది. మన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి: రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు చేసే మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలేవీ సాధారణ వైద్యం కావు, అనుమతి తీసుకున్న క్లినికల్ పరీక్షల్లోనే చేయాలి. పరీక్షలో చేరేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను రోజూ కణాలు పట్టుకునే కూర్చుంటాను, అలాంటి కణాల పేరే చెప్పి మా నాయన దగ్గర డబ్బు గుంజబోయారు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మటన్ తినేవాళ్లకు మృదులాస్థి తెలుసు. కీలు దగ్గర ఎముక కొసన, నీలిచాయ తిరిగిన తెల్లని నున్నటి పొర. మోకాలిలో చాలాచోట్ల దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందులో ముప్పాతిక వంతు దాకా నీళ్లే. రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కణాలు మొత్తం పరిమాణంలో 2 శాతం ఉంటాయేమో, అవి కూడా ఒక్కొక్కటీ తన గూటిలో ఒంటరిగా. చర్మం తెగితే రక్తం వస్తుంది, రక్తంతోపాటు బాగుచేసే కణాలు వస్తాయి. ఇక్కడికి ఎవరూ రారు. మృదులాస్థి ఒకసారి చెడిపోతే తిరిగి రాదని విలియం హంటర్ అనే వైద్యుడు లండన్‌లో 1743లోనే రాసిపెట్టాడు.

అయితే ఆ 4 మిల్లీమీటర్ల లోపల ఉన్నది గుజ్జు కాదు. కొలాజెన్ అనే ప్రొటీను పోగులు ఎముకలో నాటుకుని నిట్టనిలువుగా పైకి లేస్తాయి, మధ్యలో వంపు తిరుగుతాయి, పైకి వచ్చేసరికి ఉపరితలం వెంబడి పడుకుంటాయి. 1925లో బెనింగ్‌హాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని కమానుల్లా బొమ్మ గీసి చూపించాడు. ఈ పోగుల సందుల్లో నీళ్లను పట్టుకునే పదార్థం ఉంటుంది. అది ఉబ్బాలని చూస్తుంది, పోగులు బిగించి ఉబ్బనివ్వవు. ఈ బిగువు మీదే మన బరువంతా నిలబడుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు మూడింతలకు పైగా పడుతుంది. దాన్ని మోసేది ఆ బిగువే. పడుగు వదులైన మగ్గం మీద చీర నిలవనట్టే, పోగులు తెగిన చోట ఆ నీళ్లూ నిలవవు.

ఇంకో సంగతి ఉంది. మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియోకార్బన్ అనే ఒక రకం కార్బన్ ఎక్కువైంది. ఆ గాలి పీల్చి, ఆ పంట తిని పెరిగినవాళ్ల ఒంట్లో దాని గుర్తు ఉండిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు మోకాలి మృదులాస్థిలో ఆ గుర్తును కొలిచి 2016లో ప్రచురించారు. పెద్దయ్యాక అక్కడి కొలాజెన్ దాదాపు మారనే మారదని తేలింది. మనం పిల్లలుగా, పడుచుగా ఉన్నప్పుడు నేసిన నేతే చివరిదాకా. నాయన మోకాలిలో ఉన్నది ఆయన మగ్గమెక్కిన కొత్తలో నేసుకున్న గుడ్డ. నలభై ఏడేళ్లుగా ఆ ఒక్కదాన్నే తొక్కుతున్నాడు.

ఇప్పుడు నా పని దగ్గరికి వస్తాను.

ల్యాబ్‌లో చేరిన మొదటి వారం మా సీనియర్ నా ముందు ఒక సంచి పెట్టింది. అందులో కత్తిరించిన పట్టుగూళ్లు. "సోడియం కార్బొనేట్ నీళ్లలో అరగంట ఉడికించాలి. పైన సెరిసిన్ అనే జిగురు ఉంటుంది, అది పోవాలి. మిగిలేది ఫైబ్రోయిన్" అని చెబుతోంది. నేను వినడం లేదు. నీళ్లు మరిగి ఆ వాసన లేచింది. మా పెరట్లో రాగి గంగాళంలో సబ్బూ సోడా వేసి పట్టు ఉడికేస్తే వచ్చే వాసనే. రెండు చోట్లా అదే పని, అవే చేతులు. కిలో పచ్చిపట్టు ఉడికేస్తే ముప్పావు కిలో మిగులుతుందని మా వీధిలో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పరిశోధన పత్రాల్లో సెరిసిన్ గూటిలో పావు వంతు ఉంటుందని రాసి ఉంది. ఆ సాయంత్రం వరండాలోకి వచ్చి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "ఎక్కువసేపు ఉడకనీయాకు, పోగు చస్తాది" అన్నాడు. తర్వాత నాలుగు నెలలకు అదే మాట ఒక గ్రాఫ్‌గా చూశాను. ఉడికే సమయం పెరిగేకొద్దీ ఫైబ్రోయిన్ గొలుసులు తెగి పొట్టివవుతాయి, ఆసరా బలం తగ్గుతుంది.

ఆ పోగును 60 డిగ్రీల వేడిలో గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో నాలుగు గంటలు కరిగించి, రెండు మూడు రోజులు నీళ్లలో ఉంచి ఉప్పంతా పోగొడతాం. చివరికి సీసాలో లేత పసుపు ఛాయ ఉన్న తేట ద్రవం మిగులుతుంది. దాన్ని గట్టిగా కుదపకూడదు. కుదిపితే గడ్డకడుతుంది. ఫ్రిజ్ దగ్గర నుంచి బల్ల దాకా పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెస్తాను. చీర కావలసిన పట్టు నా చేతిలో నీళ్లయి ఉందంటే ఇప్పటికీ ఒక క్షణం ఆగి చూస్తాను.

దాన్ని జెలటిన్‌తో కలిపి, అందులో కణాలు వేసి, ప్రింటర్ సిరంజిలోకి ఎక్కిస్తాం. దీన్ని బయోఇంక్ అంటారు. ఇంక్ సరిగ్గా కుదిరిందో లేదో చూసే పద్ధతి మన వంటింట్లోనే ఉంది: తీగపాకం. పల్చగా ఉంటే సూదిలోంచి చుక్కలుగా కారి, గీత పరుచుకుపోతుంది. ముదిరితే సూది మూసుకుపోతుంది. నొక్కినప్పుడు జారాలి, వదిలేస్తే వెంటనే నిలబడాలి. నేను వాడే సూది లోపలి రంధ్రం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. దీనికంటే సన్నం చేస్తే గీత ముత్యాల కోవలా వస్తుంది గానీ, అంత ఇరుకులోంచి ఒత్తిడితో వచ్చేటప్పుడు కణాలు నలిగి చస్తాయి. సూది లావు చేస్తే కణాలు బతుకుతాయి, గీత చెడుతుంది. నా మొదటి రెండేళ్లలో సగం ఈ బేరానికే పోయింది. ప్రింట్ అయ్యాక బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా వెలిగే రంగు వేసి చూస్తాం. మొదటిసారి తెర మొత్తం ఎర్రగా కనిపించిన రాత్రి హాస్టల్‌కు నడుచుకుంటూ పోయాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

ప్రింట్ అయ్యేది ఎంతనుకుంటున్నారు? 8 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. చొక్కా గుండీ అంత. నాలుగు వారాలు పోషక ద్రవంలో పెంచాక సన్నగా కోసి సాఫ్రనిన్ ఓ అనే రంగు వేస్తాం. నీళ్లు పట్టుకునే ఆ పదార్థాన్ని కణాలు కట్టుకుని ఉంటే కోత నారింజ ఎరుపులోకి మారుతుంది. మూడో ఏట మార్చిలో నా గుండీ ఒకటి అంచు నుంచి అంచు దాకా ఎర్రబడింది. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్ తెర మీద ఉంది. నాయనకు పంపితే "కుంకుమ రంగు బాగా పట్టింది" అని రాయించాడు తమ్ముడితో.

దసరాకు నాయన, అమ్మ బెంగళూరు వచ్చారు. కణాలుండే గదిలోకి రానివ్వరు కాబట్టి బయటి బల్ల దగ్గర, కణాలు వేయని ఉత్త ఆసరా ఒకటి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించాను. నిలువు గీతల పొర, దాని మీద అడ్డ గీతల పొర, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. పడుగూ పేకా అని గర్వంగా చెప్పాను. నాయన కళ్లద్దాలు తీసేసి, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇది నేత కాదు గదమ్మా."

"ఏం నాయనా?"

"పోగు పోగు కింద దూరలేదే. ఒకదాని మీద ఒకటి పేర్చినారు. కట్టెలు పేర్చినట్ల. లాగితే ఊడిపోతాది."

నాలుగేళ్లుగా నేను రోజూ చూస్తున్న వస్తువు అది. ఒక్క నిమిషంలో దాని అసలు లోపం చెప్పాడు. ప్రింటర్ పేర్చగలదు, నేయలేదు. మెత్తటి జెల్ గీతలు అడ్డంగా నిలువుగా పేరిస్తే కణాలకు ఇల్లు దొరుకుతుంది గానీ మోకాలికి బలం రాదు. ఈ చిక్కు మీద ప్రపంచమంతా పనిచేస్తోంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ బృందం 2015లో వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ పోగులను గళ్లగా గీసి, ఆ గళ్లలో జెల్ నింపి చూసింది. ఆ ప్లాస్టిక్ ఒంట్లో మెల్లగా కరిగిపోయే రకం. ఉత్త జెల్‌తో పోలిస్తే గట్టిదనం 54 రెట్ల దాకా పెరిగింది. ఉబ్బే జెల్‌ను పోగు బిగించి పట్టడం, అంతే. నిజమైన మృదులాస్థి చేసే పనే.

నాయనకు నేను చెప్పింది మాత్రం ఇంకొకటి. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ప్రింటర్‌ను పక్కనపెట్టి, ఇలాంటి ఆసరాను బుల్లి మగ్గం మీద నేశారు. పొడవు, అడ్డం, లోతు, మూడు దిక్కుల్లో పోగులు పెనవేసి. 2007లో ఆ పత్రం వచ్చింది. దాని బలం అసలు మృదులాస్థికి దగ్గరగా ఉంది.

"మగ్గం మీదనా?" అన్నాడు నాయన.

"మగ్గం మీదే."

ఆయన మొహంలో వెలుగు నేను రాయలేను. అమ్మ వైపు తిరిగి "వింటివా, మగ్గం మీద నేసినారంట మోకాలు" అన్నాడు. ఆ పూటంతా అదే మాట. రాత్రి భోజనాల దగ్గర ఎన్ని పోగులు, ఎన్ని వరసలు, లోతు పోగును ఎట్లా దూరుస్తారు అని అడుగుతూనే ఉన్నాడు. నాకు తెలిసినంత బొమ్మ గీసి చూపించాను. ఒకచోట నా బొమ్మ తప్పని ఆయనే దిద్దాడు.

మరి ఇంతమంది ఇన్ని చేస్తుంటే నాయన మోకాలికి ఎందుకు పనికిరావు? ఇది చెప్పడానికే నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టమైంది.

మృదులాస్థిలో కణాలు పెంచి నాటే వైద్యం కొత్తది కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో రోగి కణాలనే తీసి, బయట పెంచి, మళ్లీ మోకాలిలో పెట్టి, 23 మంది ఫలితాలను 1994లో ప్రచురించారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అయితే ముక్కు దూలం నుంచి కణాలు తీసి మోకాలికి వాడారు. 10 మందితో చేసిన ఆ మొదటి పరీక్ష 2016లో వచ్చింది. మెల్‌బోర్న్‌లో సర్జన్ చేతిలో పట్టుకుని గాయంలోనే నేరుగా గీసే పెన్ను చేసి గొర్రెల మీద చూశారు. మన దగ్గర ఐఐటీ ఢిల్లీలో సౌరభ్ ఘోష్ బృందం పట్టు, జెలటిన్ కలిపిన ఇంక్‌తో మృదులాస్థి ప్రింట్ చేసింది. నా పనికి పునాది అక్కడిదే. ఇప్పుడు సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న ఫల్గుణి పాటి అనే శాస్త్రవేత్త, కొరియాలో ఉన్నప్పుడు 2014లో, కణజాలంలోంచి కణాలన్నీ కడిగేసి మిగిలిన దానితోనే ఇంక్ చేశారు. కొవ్వు, గుండె, మృదులాస్థి, దేనికి దాని సొంత ఇంక్. ఆ దారిలోనే ఐఐటీ హైదరాబాద్, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, సీసీఎంబీ పరిశోధన సంస్థ కలిసి 2022లో కంటి కార్నియా ప్రింట్ చేసి కుందేలు కంట్లో పెట్టారు. హైదరాబాద్‌లో జరిగిందని వార్త చదివిన రోజు మా ల్యాబ్‌లో తెలుగువాళ్లం ముగ్గురం టీ తాగడానికి పోయి గంట సేపు తిరిగి రాలేదు.

కానీ మోకాలికి కణాలు పెట్టే ఈ వైద్యాలన్నీ ఎవరి కోసం? ఆడుతూ పడిపోయి మృదులాస్థిలో ఒక చోట రూపాయి బిళ్లంత గుంట పడినవాళ్ల కోసం. చుట్టూ ఉన్న గుడ్డ బాగుండి, నడుమ ఒక చిరుగు ఉంటే రఫ్ఫు చేసినట్టు. బాసెల్ పరీక్షలో తీసుకున్నది 55 ఏళ్ల లోపువాళ్లనే. నాయనది చిరుగు కాదు. ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలి వైపు రెండు ఎముకల మధ్య సందే లేదు. రెండు వైపులా గుడ్డంతా పోయింది, కింద ఎముక గట్టిపడింది, అంచుల్లో ఎముక ముళ్లు మొలిచాయి, కాలు వంకర తిరిగింది, కీలంతా వాపుతో వేడిగా ఉంది. అలాంటి చోట నా గుండీని పెడితే రెండు తిరగలి రాళ్ల మధ్య పెట్టినట్టే. పైగా ఆ వాపులో ఊరే రసాయనాలు కొత్త కణాలను బతకనివ్వవు.

ఇది నేను మా హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాయనకు చెప్పాను. తిరగలి మాటే చెప్పాను. ఆయన మోకాలి మీద చేయి వేసుకుని రుద్దుకుంటూ విన్నాడు.

"అయితే నీ పని నాలాంటోల్లకు కాదు."

"ఇప్పటికి కాదు నాయనా."

"పిల్లోల్లకు పనికొస్తాదా? పందెంలో కాలు ఇరగ్గొట్టుకున్నోల్లకు?"

"రావాలనే చేస్తాండాం."

"అయితే సరే" అన్నాడు. సరే అనడం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే. కానీ ఈసారి అది నేను మోయలేనంత బరువుగా ఉండింది.

సంక్రాంతి దాటాక బెంగళూరులోనే కుడి మోకాలు మార్పించాం. లోహం, దాని మీద గట్టి ప్లాస్టిక్. అది బాగా నడిచే వైద్యం. ఆయన వయసుకు, ఆయన కాలికి అదే సరైనదని నేనే పట్టుబట్టాను. ఆపరేషన్‌కు ముందు రోజు ఒక యువ డాక్టరు వచ్చి కాగితం ఇచ్చాడు. కోసి తీసేసిన ఎముక కొసలను పరిశోధనకు ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని. ఇలాంటి కొసల అంచుల్లో మిగిలిన మృదులాస్థి నుంచే మా లాంటి ల్యాబ్‌లు కణాలు తీసుకుంటాయి. నాలుగేళ్లుగా నేను వాడుతున్నవన్నీ అలా ఎవరో ఒప్పుకున్నవే. డబ్బా మీద పేరుండదు, ఒక నంబరు, వయసు, ఆడా మగా అని మాత్రం ఉంటుంది. ఇన్నాళ్లూ అది నాకు నంబరే.

నాయన కాగితం మొత్తం నాతో చదివించుకున్నాడు. "నా అరిగిపోయిన గుజ్జు కూడా మీకు పనికొస్తాదా?" అన్నాడు. అంచుల్లో కొంచెం మంచిది మిగులుతుంది నాయనా అన్నాను. సంతకం పెట్టాడు. చేనేత సంఘం పుస్తకంలో పెట్టినట్టే, పూర్తి ఇంటిపేరుతో. ఆ డబ్బా ఏ ల్యాబ్‌కు పోయిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ ఇప్పుడు ఏ డబ్బా మూత తీసినా చేతులు కడుక్కున్నాక ఒక్క క్షణం ఆగుతున్నాను.

ఇప్పుడు నా పని ఎక్కడ ఆగిందో కూడా చెప్పాలి. అతుకు దగ్గర. ఎర్రబడిన నా గుండీని తెచ్చి, మేక మోకాలి నుంచి తీసిన నిజమైన మృదులాస్థి ముక్కకు గుంట చేసి అందులో కూర్చోబెడతాం. లోపల గుండీ బాగుంటుంది. బయట పాత కణజాలమూ బాగుంటుంది. రెండింటి మధ్య వెంట్రుకంత సందు. వారాలు గడిచినా అది పూడదు. పాత గుడ్డ పోగులు కొత్తవాటిని పట్టుకోవు. గుంట చేసేటప్పుడు అంచున ఉన్న కణాలు చచ్చిపోతాయి, పాత పోగుల అల్లిక అవతలి నుంచి ఎవరినీ రానివ్వనంత బిగువుగా ఉంటుంది. ఆసరాలెన్ని వచ్చినా ఈ రంగంలో అందరినీ ఏడిపించే చోటు ఇదే.

మార్చిలో ఇది ఫోన్లో చెబుతుంటే నాయన మధ్యలో ఆపాడు. "పడుగు అతికేది చూడలేదా నువ్వు? పాత పడుగు అయిపోతే కొత్తదాని కొసలు అట్లే పక్కన పెడితే పట్టుకుంటాయా? పాత కొసను రోంత విప్పి, పురి తీసి, బూడిద రాసుకోని, ఒక్కోదాన్ని మెలేస్తారు. విప్పకుండా మెలిపడదు."

నేను ఎన్నిసార్లు చూశాను! పెద్దమ్మ గుంట అంచున కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుని, వేల పోగులను ఒక్కొక్కటిగా అతికేది. ఒక్కటి తప్పితే చీర మొత్తం గీత పడేది.

పాత అంచును కొంచెం విప్పడం. కొందరు పరిశోధకులు ఎంజైముతో ఇదే చేసి చూశారు. అంచులో అల్లికను పైపైన కాస్త వదులు చేస్తే లోపలి కణాలు బయటికి రావడానికి దారి దొరుకుతుంది. చదివి పక్కనపెట్టిన పత్రాలు మళ్లీ తీశాను. ఎంత సేపు, ఎంత గాఢత. ఎక్కువైతే పోగు చస్తుంది. ఇప్పుడు నా బల్ల మీద పన్నెండు గిన్నెలున్నాయి, నాలుగు రకాల సమయాలు, మూడేసి చొప్పున.

నాయన ఇప్పుడు గుంట మగ్గంలోకి దిగడం లేదు. తమ్ముడు ఎత్తు మగ్గం ఒకటి వేయించాడు, దాని మీద రోజుకు రెండు మూడు గంటలు కూర్చుంటాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. కాలు ఎట్లుంది అని నేను అడిగేలోపే ఆయనే అడుగుతాడు.

"అతుకు పట్టిందా?"

"రెండో వరసలో ఒక వైపు పట్టినట్టుంది నాయనా. ఇంకో వైపు లేదు."

"ఏ వైపు పట్టింది, చూసుకోని రాసి పెట్టుకో" అంటాడు.